డార్విన్ ఇంట్లో ఫొటోల ఆట: కుక్క ఒంటి భాషను ఆయన ఎలా చదివారు?

చార్లెస్ డార్విన్ బాగా చిన్నప్పుడు ఒక కుక్కపిల్లను కొట్టారు. అది చేసిన తప్పేమీ లేదు. తన చేతిలో బలం ఉందన్న సంబరమే అందుకు కారణమని పెద్దయ్యాక ఆయనే రాసుకున్నారు. కుక్కపిల్ల అరవలేదు కాబట్టి గట్టి దెబ్బలు కాకపోవచ్చని కూడా అనుకున్నారు. అయినా 1876లో, 67 ఏళ్ల వయసులో ఆత్మకథ రాసేటప్పటికీ ఆ పని చేసిన చోటు ఆయనకు కచ్చితంగా గుర్తుంది.

పరిణామ సిద్ధాంతంతో ప్రపంచానికి పరిచయమైన ఈ శాస్త్రవేత్త జీవితంలో అంతగా చెప్పుకోని భాగం ఒకటుంది. కుక్క ఒంటి భాషను శ్రద్ధగా గమనించి, బొమ్మలతో సహా పుస్తకంలో పెట్టిన తొలితరం శాస్త్రవేత్తల్లో ఆయన ఒకరు.

ఐదేళ్ల తర్వాత ఒక పిలుపు

డార్విన్ 1809 ఫిబ్రవరి 12న ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీలో పుట్టారు. కొడుక్కి వేట, కుక్కలు, ఎలుకలు పట్టడం తప్ప వేరే ధ్యాస లేదని డాక్టరైన తండ్రి రాబర్ట్ మండిపడేవారు. వేరేవాళ్ల కుక్కలను సైతం మచ్చిక చేసుకోవడంలో కుర్రాడు దిట్ట.

1831 డిసెంబరులో బీగిల్ నౌక ఎక్కిన డార్విన్ 1836 అక్టోబరులో తిరిగొచ్చారు. ఇంటికి చేరాక గుర్రపుశాల దగ్గరికి వెళ్లి, తన కుక్కను పాత పద్ధతిలోనే కేకేశారు. అది ఎగిరి గంతేయలేదు. అరగంట క్రితమే విడిపోయినట్టు మామూలుగా ఆయన వెంట నడిచింది. సంతోషం పైకి కనిపించలేదు కాబట్టి మరిచిపోయిందని ఆయన తీర్మానించలేదు. అది చేసిన పనిని చూశారు. కుక్క జ్ఞాపకశక్తికి ఈ సంఘటననే తన పుస్తకంలో ఉదాహరణగా ఇచ్చారు.

బాబ్ ముఖం వాడిపోయిన మలుపు

1842 నుంచి డార్విన్ కుటుంబం కెంట్ ప్రాంతంలోని డౌన్ హౌస్‌లో ఉండేది. అక్కడ బాబ్ అనే నలుపు, తెలుపు రంగుల పెద్ద కుక్క ఉండేది. షికారుకు బయల్దేరగానే తల, తోక పైకెత్తి హుషారుగా నడిచేది. దారిలో ఒకచోట మొక్కల గాజు గది వైపు మలుపు వచ్చేది. ప్రయోగాల కోసం పెంచుతున్న మొక్కలను చూద్దామని డార్విన్ అటు తిరిగితే చాలు, షికారు రద్దయినట్టేనని బాబ్‌కు దిగులు. తల వాలిపోయేది, చెవులు, తోక ఒక్కసారిగా కిందికి జారేవి, ఒళ్లంతా కుంగేది. ఇంట్లో వాళ్లు ఆ ముఖానికి గాజు గది పేరే పెట్టి నవ్వుకునేవారు.

డార్విన్ నవ్వి ఊరుకోలేదు. 1872లో వెలువడిన మనుషులు, జంతువుల భావ వ్యక్తీకరణ గ్రంథంలో దాన్ని రాశారు. కోపంగా ఉన్న కుక్క బిగుసుకుని నిలబడుతుంది, తోక నిటారుగా లేస్తుంది, చూపు కదలదు. వస్తున్నది కొత్త మనిషి కాదు, యజమానే అని తెలియగానే అన్నీ తలకిందులవుతాయి. ఒళ్లు వంగి మెలికలు తిరుగుతుంది, తోక దిగి ఊగుతుంది. ఈ రెండు స్థితులనూ చిత్రకారులతో గీయించి పక్కపక్కన అచ్చు వేయించారు. చెవులు వెనక్కి వాల్చడం కొట్లాటలోనూ ఉంటుంది, ముద్దు చేసినప్పుడూ ఉంటుందని గమనించారు. ఒక్క చెవినో, ఒక్క తోకనో చూసి అర్థం చెప్పలేమన్నమాట.

జవాబు చెప్పకుండా అడిగితే?

ఈ పుస్తకం కోసం ఆయన వాడిన పద్ధతి ఆటలా ఉంటుంది. ఫ్రెంచ్ వైద్యుడు డ్యుషెన్ ఒక వృద్ధుడి ముఖ కండరాలను విద్యుత్తుతో కదిలించి ఫొటోలు తీశారు. పక్కనున్న వివరణ చదువుతూ చూసినప్పుడు దాదాపు అన్నీ సరిగ్గా ఉన్నాయని డార్విన్‌కు అనిపించింది. వివరణ లేకపోతే తానూ తికమకపడేవాడినేమో అన్న అనుమానం వచ్చింది. 1868లో ఇంటికి వచ్చిన అతిథులతో సహా 20 మందికి పైగా ఆ ఫొటోలు చూపించి, ఇది ఏ భావమో చెప్పమని అడిగారు. కొన్నింటికి అందరూ ఒకే జవాబు చెప్పారు. మరికొన్నింటికి పొంతనే లేదు. ఊహ మనల్ని ఎంత సులువుగా పక్కదారి పట్టిస్తుందో ఆయనకు అర్థమైంది.

మనుషుల హావభావాలపై 1867లో ఒక ప్రశ్నావళిని కూడా వివిధ దేశాలకు పంపారు. కలకత్తా బొటానిక్ గార్డెన్‌లో పనిచేస్తున్న జాన్ స్కాట్ లాంటివారు మన దేశం నుంచి జవాబులు రాశారు. జ్ఞాపకాన్ని నమ్మొద్దు, కళ్లతో చూసిందే రాయండి అన్నది డార్విన్ షరతు.

ఆయనా తడబడ్డారా?

కుక్కలకు సిగ్గు ఉంటుందని, అది భయం కాదని డార్విన్ 1871లో రాశారు. 2009లో న్యూయార్క్‌లో 14 పెంపుడు కుక్కలపై జరిగిన అధ్యయనం ఫలితం వేరుగా వచ్చింది. తప్పు చేసినట్టు కనిపించే ముఖానికి, నిజంగా తప్పు చేయడానికి సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టినప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. తినొద్దన్నది తినకపోయినా తిట్లు పడ్డ కుక్కల్లోనూ అదే ముఖం. మనం దోషం అనుకుని శిక్షించేది నిజానికి భయం కావచ్చు. బిడ్డ కౌగిలించుకుంటే బిగుసుకుపోయిన కుక్కను బుద్ధిమంతురాలని మురిసిపోయినా ఇదే ప్రమాదం. నోరు నాక్కోవడం, ముఖం తిప్పుకోవడం, కనుగుడ్డు అంచున తెలుపు కనిపించడం వదిలేయమన్న వేడుకోలు కావచ్చు. అది అర్థం కాకపోతే చివరికి కాటు దాకా వెళ్లొచ్చు.

డార్విన్ పొరపాటును సరిచేసే దారి కూడా ఆయన ఫొటోల ఆటలోనే ఉంది. కుక్కల యజమానుల కోసం ఇప్పుడు ఫోన్లలో వస్తున్న క్విజ్‌లలో మంచివి ఇదే చేస్తాయి. వీడియో చూపిస్తాయి, ముందు మన ఊహ అడుగుతాయి, ఏయే గుర్తులు చూడాలో తర్వాతే చెబుతాయి. జవాబు ముందే చెప్పేస్తే అందరికీ అంతా తెలిసినట్టే ఉంటుంది.

పాలీ చదివిన మనిషి

డార్విన్ చివరి కుక్క పాలీ, తెల్లటి టెరియర్. ఆయన దాని ముక్కు మీద బిస్కెట్ పెట్టి, బుద్ధిగా ఉండాలని గంభీరంగా సుద్దులు చెప్పి, గాల్లోకి ఎగరేసి అందుకోమనేవారు. చదువుల గదిలో సామాను సర్దుతుంటే ఆయన ఊరెళ్తున్నారని పాలీ పసిగట్టి డీలాపడేది. ఆయన తిరిగొచ్చే ముందు అదే గదిని సిద్ధం చేస్తుంటే ఉత్సాహపడేది. ఆయన కుక్కలను గమనించినంత శ్రద్ధగా అది ఆయన్ను గమనించింది.

1882 ఏప్రిల్ 19న డార్విన్ కన్నుమూశారు. కొద్ది రోజులకే పాలీ కూడా పోయింది. ఇంటి తోటలో ఒక ఆపిల్ చెట్టు కింద దాన్ని పూడ్చారు.