డొక్కా సీతమ్మ గారు: ఢిల్లీ వెళ్లని అతిథి



స్పోర్ట్స్ డే మర్నాడు మా ఆరో తరగతి పిల్లలు మెడల్స్ లెక్కపెట్టుకుంటున్నారు. ఒకరికి నాలుగు, ఒకరికి ఒకటి, వెనక బెంచీ బాబుకి ఏమీ లేదు. వాడి మొహం చూసి ఆ రోజు ఇంగ్లీష్ పాఠం పక్కన పెట్టేశాను.

19వ శతాబ్దంలో ఫ్రాన్స్ ప్రభుత్వం, నీళ్లలో మునిగిపోతున్నవాళ్లని కాపాడిన మామూలు మనుషులకి పతకాలిచ్చేది. చాలావాటి వెనక ఆ మనిషి పేరు చెక్కి ఉంటుంది. పాత పతకాలు సేకరించేవాళ్లకి ఆ పేరంటేనే మోజు. ఫ్రాన్స్ మనకి మరీ దూరమేం కాదు, 1954 దాకా గోదావరి ఒడ్డున యానాం వాళ్ల పాలనలోనే ఉంది. అదే డెల్టాలో, లంకల గన్నవరంలో, ఎంతమంది ప్రాణం నిలబెట్టారో లెక్కలేని ఒకావిడ ఉండేవారు.

సీతమ్మ గారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్లందరికీ అన్నం పెడుతుంటే ఊళ్లో ఆయన్ని బువ్వన్న అనేవారట. లంకల గన్నవరం వాసి డొక్కా జోగన్న గారు ఒకసారి ఆ ఇంట్లో భోజనం చేసి, ఆ మర్యాదకి ముచ్చటపడి సీతమ్మ గారిని పెళ్లాడారు.

గన్నవరం వైనతేయ పాయ ఒడ్డున ఉంది. హోటళ్లు లేని రోజులు. గోదావరి దాటి వచ్చినవాళ్లు ఆకలితో ఆవిడ ఇంటికే నడిచేవారు. కులం అడగలేదు, వేళ చూడలేదు. వరదొస్తే లంక ఊళ్ల పరిస్థితి ఏమిటో కొల్లేటి వైపు ఉన్న మీకు నేను చెప్పక్కర్లేదు. అప్పుడు వండిన అన్నమే ప్రాణం.

అంతర్వేది నరసింహస్వామిని చూడాలని ఆవిడకి ఎన్నాళ్ల కోరికో. ఒకసారి బయల్దేరారు కూడా. దారిలో, గన్నవరం చేరితే సీతమ్మ గారింట్లో అన్నం దొరుకుతుందని ఎవరో తమ పిల్లలకి సర్దిచెప్పుకుంటుంటే విన్నారట. స్వామి దర్శనం మానేసి వెనక్కి తిరిగారు. నాకు ఆవిడ జీవితంలో అన్నిటికన్నా ఇదే కష్టమైన పని అనిపిస్తుంది.

ఏడో ఎడ్వర్డ్ చక్రవర్తి పట్టాభిషేకం తాలూకు ఢిల్లీ వేడుకకి ఆహ్వానం వస్తే, ఆవిడ వెళ్లలేదు. వెళ్తే ఇంటికొచ్చినవాళ్లకి ఎవరు వండుతారు? ఫొటో అయినా ఇవ్వమంటే దానికీ ఒప్పుకోలేదు. ఫొటో పంపకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలాక కూర్చున్నారని చెబుతారు. వేడుకలో ఆ ఫొటోనే కుర్చీలో పెట్టారట.

1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ మీద కొత్త అక్విడక్టుకి ఆవిడ పేరే పెట్టారు. 2024 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడుల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే.

సెలవుల్లో వీలైతే పిల్లల్ని తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం మీదుగా గన్నవరం తీసుకెళ్లండి. మా వెనక బెంచీ బాబు వాళ్ల నాన్నగారిని ఇప్పటికే అడిగాడట.