దీపానికి చెయ్యి అమర్చిన కమ్మరి

లండన్ ఫ్లాట్లలో కాపురం ఉండేవాళ్లకు నేల మీద ప్రతి అడుగూ లెక్కే. నాకు తెలిసిన గోడ దీపాల్లో ఈ కష్టం తెలిసి చేసినట్టనిపించేది 'పొటాన్స్'. రెండు మీటర్లకు పైగా పొడవున్న సన్నని లోహపు గొట్టం గోడ నుంచి ముందుకు చాచుకుని ఉంటుంది. పైనుంచి ఒక తీగ దాని బరువు మోస్తుంది. చివర ఒకే బల్బు. పిడి పట్టుకుని తిప్పితే వెలుగు భోజనాల బల్ల మీంచి సోఫా మీదికి వస్తుంది. స్టాండు లేదు, సీలింగ్‌కు కన్నం పెట్టే పనీ లేదు.

దీన్ని చేసిన ఝాన్ ప్రూవే 1901లో పారిస్‌లో పుట్టి, నాన్సీ నగరంలో పెరిగారు. తండ్రి విక్టర్ చిత్రకారుడు. కొడుక్కి ఇంజినీరింగ్ చదవాలని ఉన్నా ఇంటి పరిస్థితి సాగనివ్వలేదు. 1916లో ఎమిల్ రోబేర్ అనే కమ్మరి దగ్గర పనికి కుదిరారు. 1924లో నాన్సీలో సొంత కొలిమి పెట్టుకున్నారు.

ఆయన ఆలోచన తెలియాలంటే 1934 నాటి కుర్చీ చూడాలి. మనం కూర్చున్నప్పుడు బరువు ఎక్కువగా వెనక కాళ్ల మీద పడుతుంది. అందుకే వాటిని రేకు మడిచి వెడల్పుగా చేసి, ముందు కాళ్లకు సన్నని గొట్టాలతో సరిపెట్టారు. బలం ఎక్కడ అవసరమో అక్కడే లోహం. దీపంలోనూ ఇదే లెక్క.

యుద్ధకాలంలో నాజీలను ఎదిరించిన రహస్య ఉద్యమంలో పనిచేశారు. 1944లో నాన్సీకి విముక్తి వచ్చాక కొంతకాలం మేయరుగా ఉన్నారు. 1947లో మాక్సేవిల్‌లో ఫ్యాక్టరీ పెట్టారు. ఆఫ్రికా ఎండలకు తగినట్టు, విమానంలో ముక్కలుగా పంపి బిగించుకునే అల్యూమినియం ఇళ్లు రూపొందించారు. 1949లో ఒకటి నియామీకి, 1951లో రెండు బ్రాజవిల్‌కు వెళ్లాయి. మన దీపం ఆ ఇళ్ల కోసం పుట్టిందే. కానీ ఆ ఇళ్లకు ఆర్డర్లు రాలేదు. పెట్టుబడి పెట్టిన అల్యూమినియం కంపెనీదే పైచేయి అయింది. 1953లో ప్రూవే తన ఫ్యాక్టరీ నుంచి తానే బయటికి నడిచారు.

మన ఐటీ వాళ్లకు ఇది పరాయి కథ కాదు. ఏళ్ల తరబడి కట్టిన ప్రాజెక్టు ఒక్క మీటింగుతో మరొకరి చేతికి పోతే ఆ రాత్రి ఎలా గడుస్తుందో నాకు తెలుసు. యాభై దాటిన మనిషికి అది ఇంకెంత బరువో! కానీ మరుసటి ఏడాదే ఆయన ఫ్యాక్టరీలో మిగిలిన భాగాలు పోగుచేసి, ఇంటివాళ్లు, స్నేహితుల సాయంతో, నాన్సీలో ఒక ఏటవాలు కొండచరియ మీద సొంత ఇల్లు కట్టుకున్నారు. 1971లో పారిస్ పాంపిడూ సెంటర్ డిజైన్ ఎంపిక కమిటీకి ఆయనే అధ్యక్షుడు. పేరులేని కుర్ర ఆర్కిటెక్టులు పియానో, రోజర్స్‌లను ఎంపిక చేసింది ఆ కమిటీయే. 1984లో నాన్సీలో కన్నుమూశారు.

ఎవరూ కొననన్న ఆ ఆఫ్రికా ఇళ్లలో ఒకటి 2007లో న్యూయార్క్ వేలంలో సుమారు 50 లక్షల డాలర్లు పలికింది. దీపాన్ని విట్రా సంస్థ ఇప్పటికీ తయారుచేస్తోంది. పారిస్ వెళ్లినవాళ్లు నాన్సీకి రైలెక్కితే గంటన్నర ప్రయాణం. అక్కడి లలితకళల మ్యూజియంలో ఆయన పనితనం ఉంది. పిల్లల్ని తీసుకెళ్లి, కుర్చీ వెనక కాళ్లు ఎందుకలా ఉన్నాయో వాళ్లనే చెప్పమనండి.