కరువు కూలితో లేచిన మెదక్ చర్చి

బోధన్: ఎండాకాలం చివర ఈదురుగాలి లేచిందంటే మన పల్లెల్లో ముందు ఎగిరేవి రేకులు, కూలేవి మట్టి గోడలు. గుడి, మసీదు, చర్చి అనే తేడా దానికి లేదు. తెల్లవారి ఊరివాళ్ళు చేరి ఆలోచించేది రెండే సంగతులు. డబ్బు ఎక్కడిది? చెయ్యి వేసేవారు ఎవరు? ఈ ప్రశ్నలకు ఒకప్పుడు మెదక్‌లో పెద్ద జవాబే దొరికింది. అక్కడ విరుచుకుపడింది గాలివాన కాదు, కరువు. ఆ జవాబు చూపినవారు రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్.

పాస్నెట్ ఇంగ్లండు దేశస్థుడు. వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున వచ్చి, మొదట సికింద్రాబాద్ తిరుమలగిరిలో తెల్ల సిపాయిల మధ్య పనిచేశారు. ఆ పని ఆయన మనసుకు పట్టలేదు. పల్లె జనం మధ్య ఉండాలని 1896 ప్రాంతంలో మెదక్ చేరారు. అప్పట్లో హైదరాబాద్ నుంచి అక్కడికి గుర్రం మీద రెండు రోజుల దారి. ఆయన మాటలు ఎక్కువగా విన్నవారు మాల, మాదిగ వాడల కూలి జనం. నలుగురిలో కూర్చునే హక్కు లేని రోజులవి.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇటు మెదక్ పల్లెల్లో కరువు. పొలాల్లో పనిలేదు, ఇళ్ళలో గింజ లేదు. ఊరికే గంజి పోస్తే ఆ పూట గడుస్తుంది, కాని మనిషి చెయ్యి చాచడానికి అలవాటు పడతాడని పాస్నెట్ తలిచారు. పని చూపించి తిండి పెట్టాలని నిశ్చయించి పెద్ద చర్చి కట్టడం మొదలుపెట్టారు. రాళ్ళు కొట్టడం, మోయడం, సున్నం కలపడం, తట్టలు ఎత్తడం వంటి పనులతో వందలాది కుటుంబాలు కరువును దాటాయి. పనికి ఆహారం అనే పథకం మన సర్కారుకు తెలియడానికి చాలా ఏళ్ళ ముందటి సంగతి ఇది.

పదేళ్ళు పని సాగింది. థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ నమూనా గీశారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. 1924 డిసెంబరు 25న, క్రిస్మస్ రోజున, చర్చిని ప్రారంభించారు. దాదాపు ఐదు వేల మంది పట్టే ఆ మందిరంలో, రాళ్ళు మోసిన కూలివాళ్ళే వచ్చి కూర్చున్నారు. 1927లో తొలి రంగుటద్దాల కిటికీ అమర్చారు. వెలుతురు పడితేనే దాని బొమ్మలు కనబడతాయి.

మన జిల్లాకూ ఆ మిషన్‌తో చుట్టరికం ఉంది. మెదక్‌లో గోడలు లేస్తున్న కాలంలోనే, 1915లో, డాక్టర్ ఇసబెల్ కెర్, జార్జి కెర్ దంపతులు డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు ఆసుపత్రి నెలకొల్పారు. రాజా నర్సాగౌడ్ దానికి విరాళం ఇచ్చారు. ఇచ్చినవారు హిందువు, నడిపినవారు క్రైస్తవులు, బాగుపడినవారు అన్ని కులాలవారు.

పాస్నెట్ 1950లో కన్నుమూశారు. అంతకు మూడేళ్ళ ముందు, 1947లో, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి మెదక్ చర్చి ఆ డయాసిస్‌కు ప్రధాన ఆలయమైంది. చివరి రంగుటద్దాల కిటికీ 1958లో వచ్చింది. దాన్ని చూడడానికి ఆయన లేరు.

పని పోవడమంటే ఏమిటో బోధన్ ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1937లో వెలసిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. అందుకే పాస్నెట్ కథ మనకు దగ్గరిది. మతం ఏదైనా కావచ్చు. గాలివానకు కప్పు లేచిన మందిరాన్ని తిరిగి నిలబెట్టేటప్పుడు పట్నం కాంట్రాక్టరును వెతికే ముందు ఊళ్ళో పనిలేని చేతులను లెక్కపెట్టుకోవాలి. తను రాయి మోసిన గోడను మనిషి పరాయిదనుకోడు. బాన్సువాడ, ఎల్లారెడ్డి మీదుగా మెదక్ వెళ్ళినవారు ఆ గోపురం కింద నిలబడి చూస్తే ఈ సంగతి తెలుస్తుంది.