థక్కర్ బాపా జీవితం: సేవ, జీతం

ఆదివాసీల సేవకు జీవితం ఇచ్చినవారిని తలుచుకునేటప్పుడు మన పెద్దలు థక్కర్ బాపా పేరు తప్పక చెబుతారు. బాపా అంటే తండ్రి. అసలు పేరు అమృత్‌లాల్ విఠల్‌దాస్ థక్కర్. 1869 నవంబర్ 29న గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో పుట్టారు. పుణెలో ఇంజనీరింగ్ చదివి 1890లో పట్టా పొందారు. సంస్థానాల్లో కొలువు చేశారు. సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాలో ఉగాండా రైలు మార్గం పనిలోనూ ఉన్నారు. తిరిగొచ్చి బొంబాయి మునిసిపాలిటీలో ఇంజనీరుగా చేరారు.

అక్కడ ఆయన కళ్లు తెరిపించింది పారిశుధ్య కార్మికుల బతుకు. ఊరి మురికి ఎత్తేవాళ్లే మురికివాడల్లో ఉండేవారు. వచ్చిన కూలి వడ్డీ వ్యాపారుల పాలయ్యేది. తండ్రి చనిపోయాక, 1914లో, 44 ఏళ్ల వయసులో మంచి జీతమున్న ఉద్యోగం వదిలి గోఖలే స్థాపించిన భారత సేవక సమాజంలో చేరారు. ఆ తొలి రోజుల్లోనే ఆ కార్మికులను అప్పుల నుంచి బయటపడేయడానికి సహకార సంఘం పనిలో దిగారు. నీతులు చెప్పడానికి ముందు వాళ్ల కూలి ఎటు పోతోందో చూశారు. ఈ విషయం మనం గుర్తుపెట్టుకోవాలి.

1921-22లో పంచమహల్ జిల్లాలో కరువు వచ్చింది. సహాయ పనులకు వెళ్లిన బాపా, భిల్లుల ఆకలినీ, అప్పులనీ దగ్గరగా చూసి అక్కడే ఉండిపోయారు. 1922లో దాహోద్ కేంద్రంగా భిల్ సేవా మండల్ స్థాపించారు. బడులు, ఆశ్రమాలు, వైద్యశాలలు, సహకార సంఘాలు నడిపారు. అందులో చేరిన కార్యకర్తలు 20 ఏళ్లు సేవ చేస్తామని మాట ఇచ్చేవారు. వాళ్లకు అందేది బతకడానికి కొద్దిపాటి భృతి మాత్రమే. అయితే అది వాళ్లు తెలిసి, కోరి ఎంచుకున్న పేదరికం.

1932లో హరిజన సేవక సంఘం ప్రధాన కార్యదర్శి అయ్యారు. రాజ్యాంగ సభలో, అస్సాం తప్ప మిగతా ఆదివాసీ ప్రాంతాలపై వేసిన ఉపసంఘానికి అధ్యక్షత వహించారు. మన ఏజెన్సీకి రక్షణగా ఉన్న ఐదో షెడ్యూల్ వెనుక ఆ ఉపసంఘం కృషి ఉంది. గిరిజన సంక్షేమానికి కేంద్రం రాష్ట్రాలకు నిధులివ్వాలని 275వ అధికరణం చెబుతోంది. 1948లో భారతీయ ఆదిమజాతి సేవక సంఘం ఏర్పడటానికి ముఖ్య కారకులు ఆయనే. 1951 జనవరిలో కన్నుమూశారు.

ఆ తర్వాత ప్రభుత్వ నిధులతో సేవా పనులు ఊరూరా పెరిగాయి. సేవ అనే మాట కూడా వాటితో పాటే వచ్చింది. కానీ ఇప్పుడు ఆ పని చేస్తున్నది ప్రతిజ్ఞ చేసిన త్యాగమూర్తులు కాదు, ఇల్లు గడవాల్సిన మన అక్కలు, వదినలు. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకంలో అంగన్‌వాడీ కార్యకర్తను గౌరవ కార్యకర్త అన్నారు. ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం అన్నారు. ఆశా కార్యకర్తకు చేసిన పనిని బట్టి పారితోషికం అన్నారు. కొండ దిగి, వాగు దాటి పసిబిడ్డ బరువు చూసొచ్చే మనిషికి గౌరవం ఒక్కటే కడుపు నింపదు.

ఇక్కడొక విశేషం ఉంది. అంగన్‌వాడీ కార్యకర్తలకూ, సహాయకులకూ గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పేరు గౌరవ వేతనమైనా అది చేసిన పనికి వచ్చే వేతనమేనని చెప్పింది. ఆ కేసు వెళ్లింది బాపా మండలి పెట్టిన ఆ దాహోద్ నుంచే. వందేళ్ల తర్వాత అదే నేల సేవకు తగిన వేతనం అడిగింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! రేపు మీలో చాలామంది అంగన్‌వాడీల్లో, ఆశ్రమ పాఠశాలల్లో, ఆరోగ్య కేంద్రాల్లో పని చేస్తారు. బాపాలా మనసుపెట్టి చేయండి. చేరేముందు నియామక పత్రం చదవండి. నెలకు ఎంత, సెలవులెన్ని, పదవీ విరమణకు ఏముంది అని అడగండి. అలా అడిగితే సేవకు మచ్చ రాదు. త్యాగం ఎవరికి వారు చేసుకునేది, ఇతరుల మీద రుద్దేది కాదు. తన జీతం వదులుకున్న బాపా, కార్మికుల కూలి గురించి మాత్రం చివరిదాకా పట్టించుకునే తోవలోనే నడిచారు.