తప్పు చెప్పక ఆగిపోవు యంత్రము: ఛార్లెస్ బాబేజి

అచ్చు పుస్తకములోని తప్పులకు విసుగుకొనువారు పెక్కుమంది కలరు. ఆ విసుగుతో జీవితమంతయు ఒక యంత్రమునకు ధారపోసినవాడు ఛార్లెస్ బాబేజి. ఇతడు 1791 డిసెంబరు 26వ తేదీన లండనులో జన్మించి, కేంబ్రిడ్జిలో గణితము చదివెను. 1821లో మిత్రుడు జాన్ హెర్షెల్‌తో కలిసి ఖగోళ పట్టికలను సరిచూచుచుండగా తప్పు వెనుక తప్పు బయటపడెను. నావికులు నడిసముద్రమున దారి తెలిసికొనుటకు అట్టి పట్టికలనే నమ్ముకొనెడివారు. ఒక్క అంకె తప్పైనచో ఓడ గతి యేమి? కూడికలతోనే పట్టికలు తయారుచేయు డిఫరెన్సు ఇంజను తలంపు ఇట్లు పుట్టెను.

1823లో ప్రభుత్వము ధనసాయ మారంభించెను. 1827లో తండ్రి, కుమారుడు, భార్య జార్జియానా వరుసగా గతించిరి. 1833లో యంత్రకారుడు జోసెఫ్ క్లెమెంటుతో తగవు వచ్చి పని నిలిచెను. 17,000 పౌనులకు పైగా వ్యయమైన పిదప 1842లో ప్రభుత్వము చేతులు దులుపుకొనెను.

ఇక అసలు విశేషము. అంకెల చక్రము కొద్దిగా ప్రక్కకు తొలగినచో పండ్ల నడుమ ఒక చీల దిగి దానిని సర్దును. ఎక్కువగా తొలగినచో యంత్రమే బిగిసికొని కదలదు. తప్పుడు ఫలితము నిచ్చుట కంటె ఇది మేలని బాబేజి నిశ్చయము. తరువాత తలపెట్టిన అనలిటికల్ ఇంజను ఇంకను ముచ్చటైనది. అది తనకు కావలసిన సంవర్గమానమును గంట మ్రోగించి అడుగును. సేవకుడు వేరొక అట్ట నందించినచో సరిచూచి కనిపెట్టి, పెద్ద గంట మ్రోగించి ఆగిపోవును.

నేటి కంప్యూటరులోని కెర్నెల్ అను మూల ప్రోగ్రాము చేయునదియు నిదియే. అది నేరుగా యంత్రముపై నడచును. పొరబడినచో దిద్దుటకు దాని క్రింద వేరొక ప్రోగ్రాము లేదు. సామాన్య ప్రోగ్రాము చెడినచో కెర్నెల్ దానిని తొలగించి తక్కినవానిని నడపును. తన లెక్కలే చెడినవని తెలిసినపుడు మాత్రము, ఆ చెడుగు డిస్కుపైకి ప్రాకకుండ, కారణము తెరపై వ్రాసి ప్రాసెసరును నిలిపివేయును. యునిక్సువారు దీనికి పానిక్ అని పేరిడిరి. ఇది బాబేజి నుండి నేర్చినదని చెప్పజాలము. చిక్కు ఒకటే గనుక ఉపాయమును ఒకటే యైనది.

1871 అక్టోబరు 18న బాబేజి మరణించునాటికి ఏ యంత్రమును పూర్తికాలేదు. ఇతడు 1847-49 నడుమ గీసిన రెండవ డిఫరెన్సు ఇంజను పటములను బట్టి లండను సైన్సు మ్యూజియమువారు 1991లో గణన భాగమును నిర్మించిరి. కూర్చునపుడు అది పలుమారులు బిగిసికొనెను. ఎక్కడ చిక్కినదో తెలుపు గంట మాత్రము దానికి లేదు; నాలుగువేల భాగములలో నిర్మాతలే వెదకుకొనవలసి వచ్చెను. వెదకి సరిచేసిన పిదప 31 అంకెల ఫలితములను తప్పులేక చూపెను.