ఐపీఏ బీర్‌లో ‘ఇండియా’ ఎందుకుంది? ఎవరీ హాడ్జ్‌సన్?

కర్నూలులో హైవే ఎక్కితే ఒకవైపు హైదరాబాద్, ఇంకోవైపు బెంగళూరు. ఉద్యోగాలకు వెళ్లిన సీమ కుర్రాళ్లు అక్కడి మైక్రోబ్రూవరీ మెనూలో చూసే పేరు ఐపీఏ.. అంటే ఇండియా పేల్ ఏల్. లాగర్ బీర్ అలవాటైన వాళ్లకు మొదటి గుక్కే చేదు! అది హాప్స్ అనే పూల చేదు. పేరులో ఇండియా ఉన్నా దీని మూలాలు లండన్‌లో ఉన్నాయి. ఆ కథలో మొదట వినిపించే పేరు జార్జ్ హాడ్జ్‌సన్.

1752లో లండన్ తూర్పున బో అనే చోట ఆయన బీర్ తయారీ మొదలుపెట్టాడు. పెద్ద పెద్ద బ్రూవరీల ముందు చిన్న వ్యాపారే. కానీ ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే బ్లాక్‌వాల్ రేవు దగ్గర్లోనే ఉండటం కలిసొచ్చింది. ఓడ కెప్టెన్లు సొంతంగా కొంత సరుకు తెచ్చి మన రేవుల్లో అమ్ముకునేవాళ్లు. హాడ్జ్‌సన్ వాళ్లకు ఏడాదిన్నర దాకా అప్పు పెట్టాడు. అసలు కిటుకు ఇదే!

ఇండియా కోసమే ఆయన ఈ బీర్ కనిపెట్టాడని చాలామంది చెబుతారు. దానికి ఆధారాల్లేవు. హాప్స్ ఎక్కువేసిన పేల్ ఏల్ ఇంగ్లండ్‌లో అప్పటికే ఉంది. నెలల తరబడి సముద్రంలో, ఎండలో ఊగుతూ వచ్చిన పీపాల్లో అది త్వరగా పండి రుచి తేలింది. మద్రాసు, కలకత్తాల్లోని తెల్లదొరలకు అది తెగ నచ్చేసింది. 1800లో దత్త మండలాలుగా కంపెనీ చేతికొచ్చిన కడపకు కూడా మద్రాసే రేవు. మన నీలిమందు అటు నుంచే ఇంగ్లండ్ వెళ్లేది.

జార్జ్ తర్వాత వారసులకు ఆశ పెరిగింది. 1820ల్లో ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ అప్పు ఆపేసి, ధర పెంచి, ఓడల్లో సరుకు తానే పంపడం మొదలెట్టాడు. కెప్టెన్లకు మండింది. 1822లో కంపెనీ డైరెక్టర్ మార్జోరీబ్యాంక్స్, బర్టన్ ఊరి బ్రూవర్ శామ్యూల్ ఆల్సాప్‌ను పిలిచి ఇలాంటి బీరే చేయమన్నాడు. రష్యా సుంకాలతో దెబ్బతిన్న ఆల్సాప్‌కు అంతకన్నా ఏం కావాలి? పైగా బర్టన్ బావి నీళ్లలో జిప్సం ఎక్కువ. ఆ నీళ్లతో చేదు ఇంకా శుభ్రంగా తేలింది.

ఇండియా పేల్ ఏల్ అనే పేరు 1830ల నాటికి ప్రకటనల్లో స్థిరపడింది. అప్పటికి జార్జ్ లేడు, మార్కెట్ బర్టన్ వైపు జారిపోతోంది. బోలోని ఆయన బ్రూవరీని 1933లో కూల్చేశారు.