టోరా సాన్‌గా బ్రతికిన మనిషి

ఈ ప్రత్యేక సంచికకు ఒక ప్రసిద్ధుని జీవితం గురించి వ్రాయమని సంపాదక మిత్రులు కోరారు. దేశ నాయకుల గురించీ, కవుల గురించీ వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగా ఫైళ్ళు మోసిన నేను, నవ్వించి వెళ్ళిపోయిన ఒక జపాను నటుని గురించి నాలుగు మాటలు వ్రాస్తాను. ఆయన పేరు కియోషీ అత్సుమీ. కొన్నేళ్ళ క్రితం మా అల్లుడు ఆయన సినిమాలు టీవీలో పెట్టి చూపించాడు. భాష రాకపోయినా, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదువుకుంటూ చూశాను.

ఆయన 1928 మార్చి 10న టోకియో నగరంలోని ఒక పేదపేటలో జన్మించారు. అసలు పేరు యసువో తదొకోరో. చిన్నప్పుడు తరచూ జబ్బుపడి బడికి సరిగా వెళ్ళలేకపోయారు. మంచం మీద రేడియోలో విన్న హాస్య కథలను తర్వాత తోటి పిల్లలకు చెప్పి నవ్వించేవారట. 1945లో జరిగిన బాంబు దాడిలో వారి ఇల్లు కాలిపోయింది. యుద్ధం ముగిశాక ఊరూరా తిరిగే నాటక బృందాలలో చేరారు. 1953లో అసకుసా పేటలోని ఒక ప్రదర్శనశాలలో, నృత్యాల మధ్య విరామంలో హాస్యం చెప్పే పని దొరికింది. నిలదొక్కుకుంటున్న సమయంలో 1954లో క్షయ పట్టుకుంది. కుడి ఊపిరితిత్తి తీసివేశారు. రెండేళ్ళ దాకా శానిటోరియంలోనే గడిపారు. మిగిలిన ఒక్క ఊపిరితిత్తితోనే ఆయన దేశమంతటినీ నవ్వించారు.

1968లో టెలివిజన్‌లో మొదలైన ఒక ధారావాహికలో ఆయనకు టోరాజీరో అనే పాత్ర వచ్చింది. అందరూ టోరా సాన్ అంటారు. తల మీద టోపీ, చేతిలో పాత పెట్టె, సంతలలో, తిరునాళ్ళలో సామాను అమ్ముకుంటూ తిరిగే దేశదిమ్మరి. 1969లో చివరి భాగంలో టోరా సాన్ పాము కాటుకు చనిపోయినట్టు చూపించగా ప్రేక్షకులు ఊరుకోలేదు. దానితో దర్శకుడు యోజీ యమాదా అదే ఏడాది ఆగస్టులో ఆ పాత్రను సినిమాగా మళ్ళీ బ్రతికించారు. 1995 వరకు 48 సినిమాలు వచ్చాయి. రెండు తప్ప అన్నీ యమాదా తీసినవే. ఒకే నటుడు ఒకే పాత్రలో అన్ని సినిమాలు చేసినందుకు 1983లో గిన్నిస్ పుస్తకంలో పేరు ఎక్కింది.

కథ ఇంచుమించు ఒక్కటే. టోరా సాన్ షిబమాతా అనే పేటలోని ఇంటికి వస్తాడు. అక్కడ చెల్లెలు సకురా, మిఠాయి కొట్టు నడిపే బాబాయి, పిన్ని ఉంటారు. వచ్చిన పూటే తగాదా పెట్టుకుంటాడు. ఎవరో ఒకామె మీద మనసు పడతాడు, పెళ్ళి కాదు, పెట్టె పట్టుకుని వెళ్ళిపోతాడు. 1975లో వచ్చిన ఒక సినిమాలో ఇంట్లో ఖర్బూజా పండు కోసుకుంటూ టోరా సాన్ వాటా లెక్కపెట్టడం మరచిపోతారు. అతను వచ్చి చూసి అలుగుతాడు. జపానులో ఈనాటికీ చెప్పుకునే హాస్య సన్నివేశం అది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. మా చిన్నన్నయ్య కూడా ఊళ్ళు పట్టుకు తిరిగే మనిషే. 1979 సంక్రాంతికి ఇంటిల్లిపాదికీ నేనే కొత్త బట్టలు తెచ్చాను. అన్నయ్య రాడనుకుని అతనికి తేలేదు. భోగి నాటి సాయంత్రం వచ్చాడు. పిల్లల బట్టలు చూసి మెచ్చుకున్నాడు, నవ్వాడు, తెల్లవారకముందే వెళ్ళిపోయాడు. మళ్ళీ మా గడప తొక్కలేదు. ఎనిమిదేళ్ళ తర్వాత అతను పోయాడని కార్డు ముక్క వచ్చింది. ఉద్యోగం ఉన్నవాడిని, ఒక పంచెల చాపు కొనలేనివాడిని కాదు. లెక్కలో అతని పేరు లేదు, అంతే.

అత్సుమీ గారు నిజ జీవితంలో టోరా సాన్‌కు పూర్తిగా వేరైన మనిషి. మితభాషి. భార్యాబిడ్డలను ఎన్నడూ పత్రికల వారికి చూపలేదు. హైకూలు వ్రాసుకునేవారు. 1991లో కాలేయానికి కాన్సరు వచ్చింది. 1994 నాటికి అది ఊపిరితిత్తికి పాకింది. అయినా నటన మానలేదు. నిలబడే ఓపిక తగ్గుతుంటే యమాదా కథలో మేనల్లుడికి ఎక్కువ పని ఇచ్చి, ఆయనను కూర్చోబెట్టి సన్నివేశాలు తీశారు. 1995 డిసెంబరులో వచ్చిన 48వ సినిమాలో, ఆ ఏడాది భూకంపంలో దెబ్బతిన్న కోబే నగరానికి కూడా టోరా సాన్ వెళతాడు. అదే ఆఖరిది.

1996 ఆగస్టు 4న, 68వ ఏట ఆయన కన్నుమూశారు. దహనమయ్యేవరకు ఎవరికీ చెప్పవద్దన్నది ఆయన కోరిక. మూడు రోజుల తర్వాతే లోకానికి తెలిసింది. సంస్మరణ సభకు వేలాది జనం ఎండలో బారులు తీరి నిలబడ్డారు. ప్రభుత్వం ఆయనకు జాతీయ గౌరవ పురస్కారం ప్రకటించింది.

షిబమాతా రైల్వే స్టేషను ముందు 1999లో టోరా సాన్ విగ్రహం నిలిపారు. పెట్టె పట్టుకుని వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చూస్తుంటాడు. 18 ఏళ్ళు ఒంటరిగానే ఉన్నాడు. 2017లో అతనిని సాగనంపుతున్నట్టు చెల్లెలు సకురా విగ్రహం కూడా పెట్టారు.

మిత్రులారా, మనందరి ఇళ్ళలోనూ టోరా సాన్ వంటివాడు ఒకడు ఉండే ఉంటాడు. ఇంకా బ్రతికి ఉంటే, ఈ పండుగకు అతని వాటా తీసి పెట్టండి. వచ్చినా, రాకపోయినా సరే.